రంగు విరిగిన నీళ్లు

ఎమ్మిగనూరులో మా ఇంటి వెనక షెడ్డులో మగ్గాలవాళ్ల నూలుకు రంగులు వేస్తాను. మా ఆయనకు ఆయాసం వచ్చాక ఆ పని నా ఒక్కదాని మీద పడింది. నూలు ముంచి తీసిన రంగు నీళ్లు గోడ కింది తూములోంచి బయటికి పోయేవి. అవతల ఎటు పోతున్నాయో నేనెప్పుడూ తొంగి చూడలేదు. చూడకూడదనే చూడలేదని ఇప్పుడు ఒప్పుకుంటాను.

ఒక ఎండాకాలం పొద్దున గోడ అవతలి ముసలామె చెంబు పట్టుకుని వచ్చింది. ఆమె పొలాల్లో కూలికి పోతుంది. ఇంటి దగ్గర కాస్త దొడ్డిలో మిరప, వంగ పెంచుకుంటుంది. చెంబులో నీళ్లు లేత గులాబీ రంగులో ఉన్నాయి.

"మా బాయి నీళ్లు సూడమ్మా. నువ్వు ఏ రంగు ఏసినావో నా చెంబు సెప్తాంది" అంది.

అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. ఆమె అరవలేదు.

మర్నాడు ఆదోని పోయి, మేము రంగులు కొనే షావుకారును ఏం చెయ్యాలని అడిగాను.

"తొట్టిలో ఆ రంగు నీళ్లు పట్టి, అన్నభేది పొడి కరిగించి పొయ్యమ్మా. దాని మీద సున్నం పాలు. బాగా కలబెట్టి వదిలేస్తే రంగు విరిగి అడుక్కు పోతాది" అన్నాడాయన.

తూము ముందు సిమెంటు తొట్టి కట్టించాను. మొదటిసారి సున్నం చాలక నీళ్లు నల్లగా మురిగినట్టయ్యాయి. రెండోసారి వెదురు కర్రతో భుజాలు పడిపోయేదాకా కలిపాను. సాయంత్రానికి పాలు విరిగినట్టు రంగంతా తునకలై అడుక్కు దిగింది. పైన నీళ్లు తేటగా నిలిచాయి. ముసలామెను పిలిచి చూపించాను. "బాగుండాయే!" అంది. ఆ తేట నీళ్లనే తూములోకి వదిలాను. అలా నెలల పాటు వదిలాను.

ఆమె మిరప చెట్లు ఆకుల అంచులు మాడి ఎండిపోయాయి. ఈసారి ఆమె రాలేదు, నేనే పోయాను. బావి నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పగా తగిలాయి. రంగు నూలుకు పట్టాలని గంపలకొద్దీ ఉప్పు వేసేది నేనే. ఆ సంగతి తట్టనే లేదు. షావుకారుకు ఫోన్ చేశాను.

"ఉప్పు కరిగిపోయింటాది కదమ్మా, సున్నానికి దిగదు. నీళ్లు ఎండబెట్టుకోవాల్సిందే" అన్నాడు.

తూము మూసేశాను. తేట నీళ్లను వెడల్పాటి సిమెంటు మడిలో పోసి ఎండబెడుతున్నాను. ఎండేది కొంచెమే, అందుకని వారానికి రెండు రోజులే రంగు వేస్తాను. వానాకాలం అదీ లేదు. తొట్టి అడుగున మిగిలిన బురదను సంచులకెత్తి గోడ వారన పెట్టాను. చెత్త బండివాళ్లు "ఇది మేం ఏసుకోం" అని పోయారు. సంచులు ఇంకా అక్కడే ఉన్నాయి.

వానలు పడ్డాక బావిలో రంగు పోయింది. ఉప్పు పోలేదు. రంగు వేయని రోజుల్లో వీధి కుళాయి దగ్గర ఆమె బిందె ఒకటి నేను ఎత్తుకుంటాను.

మొన్న అడిగాను, "మిరప ఏసినావా అక్కా?"

"ల్యా. ఏసేకి మనసు రాల్యా" అంది. బిందె ఆమె గడప దగ్గర దించి, ఇంటికి నడిచాను.