అరువుల బుడాన్ సార్

జువాలజీ రీడరు షేక్ బుడాన్ గారికి సిగరెట్టు లేదు, పేకాట లేదు, కాఫీ కూడా లేదు. ఉన్నది ఒకే ఒక్క అలవాటు. ఎదుటివాళ్ల చేతిలో వస్తువు కనబడితే అరువడక్కుండా ఉండలేరు. అది గొడుగా, గడియారమా, గునపమా అన్న పట్టింపు లేదు. ఒకసారి వైస్ ఛాన్సలర్ గారి మీటింగులో ఆయన కళ్లజోడే అడిగి పెట్టుకుని, ఆయన రాసిన సర్క్యులరే చదివి, "బాగా కనబడుతోందండీ, రేపిచ్చేస్తా" అని జేబులో వేసుకుని వెళ్లారట. వైస్ ఛాన్సలర్ గారు మెట్లు దిగడానికి ఇద్దరు గుమాస్తాలు చెరో రెక్కా పట్టుకున్నారని యూనివర్సిటీలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

తీసుకున్నది తిరిగివ్వరా అంటే, ఇస్తారు. కాకపోతే ఇచ్చేటప్పుడు ఇంకోటి పట్టుకుపోతారు. అంచేత ఆయనతో ఎవరి లెక్కా ఏనాటికీ తెగేది కాదు.

అలాంటి మనిషి దగ్గర రిసెర్చికి చేరింది స్తుతి. పర్చూరు దగ్గర పల్లె వాళ్లది. తండ్రి ఫిలిప్ పత్తి చేలకు పురుగుమందు కొట్టే కూలీ. తొంభై ఏడులో ఆ పిల్లకు జె.ఆర్.ఎఫ్. వచ్చింది, అంటే పరిశోధన చేసుకోమని ప్రభుత్వమిచ్చే ఫెలోషిప్పు. ఊరి చర్చిలో ప్రత్యేక ప్రార్థన పెట్టించిన ఫిలిప్, ఆమె తీసుకున్న పని పత్తిని తినేసే పచ్చపురుగు మీదని తెలిసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"ఆ పురుగుల్ని నేను చంపలేక చస్తంటే, నువ్వు పెంచుతావా? దానికి గవర్నమెంటు జీతమా?"

"ఎందుకు చావట్లేదో కనుక్కోడానికే నాన్నా."

"అయితే పెంచు," అన్నాడు ఫిలిప్. "బాగా తిండి పెట్టి అడుగు. మాకైతే చెప్పట్లేదు."

నవ్వులాటకన్నాడు గాని, అది నవ్వే కాలం కాదు. ఎన్నిసార్లు మందు కొట్టినా ఆ పురుగు చావలేదు. అప్పులు చేసి ఆ మందు కొన్న రైతులు, అదే మందు తాగి చచ్చారు.

చేరిన రోజున బుడాన్ సార్ ఆమెను కూర్చోబెట్టి అడిగారు. "ఫెలోషిప్పు వచ్చినందువల్ల లాభాలేమిటో చెప్పమ్మా."

"నెలనెలా స్టైపెండు వస్తుంది సార్."

"నెలనెలా రాదు. వచ్చినప్పుడొస్తుంది. ఇంకా?"

"పుస్తకాలకీ, మందులకీ వేరే గ్రాంటు."

"బిల్లులు పెట్టిన సంగతి మనం మర్చిపోయాక వస్తుంది. ఇంకా?"

"హాస్టల్లో సొంత గది."

"దాంతోపాటు హాస్టలు సాంబారు కూడా. ఇంకా?"

స్తుతి తల దించుకుంది. "ఇక ఎవర్నీ ఏదీ అడగక్కర్లేదు సార్. అన్నిటికన్నా అదే పెద్ద లాభం."

ఆ మాట వెనక చాలా ఉంది. చిన్నప్పుడు స్తుతికి జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్లడానికి ఫిలిప్ ఆసామి బండి అడిగాడు. ఆసామి ఇచ్చాడు. ఇచ్చినందుకు ఆ వేసవంతా ఫిలిప్ చేత తన దొడ్లో కూలి లేకుండా చాకిరీ చేయించుకున్నాడు. 'అరువు సొమ్ము బరువు చేటు' అన్నది ఆ ఇంట్లో సామెత కాదు, ఆజ్ఞ. పక్కింట్లో అగ్గిపెట్టె అడగడం కన్నా పొయ్యి మానుకోవడం మేలనుకునే ఇల్లది.

సార్ ఆమెకేసి చూశారు. చూసి, "నీ దగ్గర కాలిక్యులేటరుందా? ఓసారివ్వు, రేపిచ్చేస్తా" అన్నారు.

అది మొదలు. కాలిక్యులేటరు తిరిగొచ్చిన రోజున గొడుగు పోయింది. గొడుగొచ్చిన రోజున టార్చిలైటు పోయింది. స్తుతి పళ్లు నూరుకుంటూ ఇచ్చేది. ఆయన వస్తువు మాత్రం ఒక్కటీ అడిగేది కాదు. లాబొరేటరీలో సన్న పట్టకారు విరిగితే, సార్ బల్ల మీద కొత్తది మెరుస్తున్నా, కనుబొమలు తీసే ప్లక్కరు కొనుక్కొచ్చి దాంతోనే పురుగులను ఎత్తింది.

రెండేళ్లు గడిచాయి. ఫెలోషిప్పులో రెండో ఏడు దాటగానే ఒక కమిటీ వచ్చి పని చూస్తుంది. నచ్చితే సీనియర్ ఫెలో చేసి స్టైపెండు పెంచుతుంది. నచ్చకపోతే ఉన్నది కూడా ఆగిపోతుంది. స్తుతికి ఆ కమిటీ మే నెలాఖరున, సరిగ్గా రోహిణి కార్తెలో పడింది. ఊరూరి చేలనుంచి తెచ్చి పెంచిన పురుగులకు వేరువేరు మందులు పెట్టి, ఏది చచ్చింది, ఏది బతికింది అని చూసే చివరి పరీక్ష నడుస్తోంది. కమిటీ వచ్చే రోజుకే అది పూర్తవ్వాలి. పురుగులు ఒకదాన్నొకటి తినేస్తాయి గనక ఒక్కోదాన్నీ ఒక్కో ఇంజక్షను సీసాలో పెట్టి, దూదితో మూతి బిగించింది. గదికి ఏ.సి. ఉంది.

ముందురోజు పొద్దున బయట ఢామ్మని చప్పుడైంది. ఏ.సి. ఆగిపోయింది.

"ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందమ్మా," అన్నాడు స్తంభం కింద నిలబడ్డ లైన్‌మన్. "కొత్తది రేపు సాయంత్రానికి రావచ్చు. రాకపోనూవచ్చు."

బయట వడగాలి కొలిమిలా కొడుతోంది. మధ్యాహ్నానికి గది కుంపటవుతుంది. పురుగులు చస్తే చచ్చాయనుకోవచ్చు, కానీ మందుకు చచ్చాయా ఎండకు చచ్చాయా అన్నది దేవుడు కూడా చెప్పలేడు. రెండేళ్ల పని బూడిదే. మళ్లీ మొదలెడదామంటే పత్తి సీజను రావాలి. అప్పటికి ఫెలోషిప్పుండదు.

బుడాన్ సార్ పరీక్ష పేపర్లు దిద్దడానికి ఒంగోలు కాలేజీకి వెళ్లారు, మర్నాడు గాని రారు. స్తుతి ఎస్.టి.డి. బూతుకు పరుగెత్తి ఆ కాలేజీకి ఫోన్ చేసింది. పురుగుల గదికి కరెంటు పోయిందని చెప్పమంటే, ఎవరో ఆయన్ని పిలవడానికి వెళ్లారు. మీటరు మీద ఎర్ర అంకెలు గిరగిరా తిరుగుతున్నాయి. లాబొరేటరీలో థర్మామీటరు కూడా అలాగే ఎక్కుతూ ఉంటుందనుకుంది.

"పురుగులున్నాయా, పోయాయా?" అంటూనే ఫోనందుకున్నారు సార్.

"ఇంకా ఉన్నాయి సార్. ఎంతసేపుంటాయో తెలీదు."

"గుంటూర్లో రోహిణి కార్తెలో కూడా చల్లగా కూర్చునేదెవరు?"

"సార్, ఇప్పుడు పొడుపు కథలా?"

"ఎండు మిరపకాయలు! బైపాస్ మీద రామాంజనేయులు గారి కోల్డ్ స్టోరేజి ఉంది. ఆయనకు సొంత జనరేటరుంది. వెళ్లి అడుగు."

"మీరు ఫోన్ చేసి ఒక్క మాట చెప్పండి సార్."

"నేను చెప్పను. నువ్వే అడుగు."

"ఆయనెవరో నాకు తెలీదు సార్!"

"నాకు తెలుసుగా. ఆయన నిచ్చెన నా దగ్గరే ఉంది," అని ఫోన్ పెట్టేశారు.

అది సిఫారసో, హెచ్చరికో స్తుతికి అర్థం కాలేదు.

సీసాల ట్రేల మీద తడిగుడ్డలు కప్పి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని బయల్దేరింది. గోడౌను ముందు దిగాక లోపలికి అడుగు పడలేదు. లారీల దగ్గర మిర్చి బస్తాలు దించుతున్న హమాలీలు ఆమెనే చూస్తున్నారు. వెనక్కి వెళ్లిపోదామా అనిపించింది. ఆసామి దొడ్లో తండ్రి వంగి పేడ ఎత్తడం కళ్ల ముందు కదిలింది. ఒళ్లోని సీసాల్లోకి చూసింది. కొన్ని పురుగులు అప్పుడే మెత్తబడి, తిండి మానేసి కూర్చున్నాయి. పళ్లు బిగించి లోపలికి నడిచింది.

రామాంజనేయులు గారు పెద్ద మీసాల మనిషి. ఏ.సి. గదిలో కూర్చుని తువ్వాలుతో విసురుకుంటున్నారు, అలవాటు కొద్దీ.

"బుడాన్ సార్ స్టూడెంటునండీ..."

"బుడాన్ గారి మనిషివా!" ఆయన గభాల్న లేచారు. "నా నిచ్చెనేదీ?"

"నిచ్చెన సంగతి నాకు తెలీదండీ. నేను... మిమ్మల్ని..." నాలుక మడతపడింది. "మిమ్మల్ని ఒక సాయం అడగడానికొచ్చానండీ. ఒక్కరోజు ఇవి చల్లగా ఉండాలి."

"ఏందవి?"

"పురుగులండీ. పచ్చపురుగులు."

గుమాస్తా చేతిలో కలం జారింది. రామాంజనేయులు గారి గొంతు హైవే దాకా వినిపించింది.

"మిర్చి గోడౌన్లో పురుగులా! ఏందమ్మాయ్, తమాషాగా ఉందా? ఈ మాట రైతుల చెవిన పడితే రేపటినించి ఒక్క బస్తా దించుతారా? నడు, నడు!"

స్తుతి గుమ్మం దాకా వెళ్లింది. ఇంటి ఆజ్ఞ ప్రకారం అక్కడితో ఆగిపోవాలి. ఆగలేదు. ఏడుపు మింగుకుంటూ వెనక్కి తిరిగింది.

"మీరు పత్తి వేస్తారాండీ?"

"వేశా. నిరుడు నిండా మునిగా. వారానికోసారి మందు కొట్టించా. స్నానం చేయించినట్టుంది గాని, ఒక్క పురుగూ చావలా."

"ఎందుకు చావలేదో ఈ సీసాల్లో ఉందండీ. ఏ మందుకు చస్తాయో, ఏది కొన్నా దండగో రేపటికి తేలిపోద్ది. ఈ వేడికి ఇవి పోతే మాత్రం తేలదండీ. నాకింకెవరూ దిక్కు లేరు, అందుకే అడుగుతున్నా."

రామాంజనేయులు గారు ఒక సీసా ఎత్తి వెలుతురుకు పెట్టి చూశారు. లోపలి పురుగు తల తిప్పింది. ఇద్దరూ ఒకరినొకరు పాత శత్రువుల్లా చూసుకున్నారు.

"గోడౌన్లో మాత్రం పెట్టనియ్యను," అన్నారాయన చివరికి. "ఈ గదిలో పెట్టు. ఏ.సి. ఎంత మీద ఉండాల?"

"ఇరవై ఐదండీ. మరి మీరు?"

"నేను వరండాలో కూచుంటా. ఏం చేద్దాం, మా ఇంటి అల్లుళ్లకి కూడా ఇంత మర్యాద జరగలా." తువ్వాలు భుజాన వేసుకుని కుర్చీ బయటికి ఈడ్చుకున్నారు. "నిచ్చెన మాత్రం ఇయ్యాళే రావాల. కొబ్బరికాయలు దించే మనిషొస్తాడు."

మూడింటికి స్తుతి ఆ నిచ్చెన కోసం సార్ ఇంటికి వెళ్లింది. సార్ భార్య మాబూబీ చల్లటి మజ్జిగ ఇచ్చి, పెరటి వసారా తలుపు తీసింది. గోడకు రెండు నిచ్చెనలున్నాయి. ఒకటి పాత వెదురుది. రెండోది కొత్తది, ఇనుపది, దానికన్నా ఎత్తయింది.

"వెదురుది ఆయనది, తీస్కపో తల్లీ."

"మరి ఇనుపదెవరిదండీ?"

"మాదే."

స్తుతి ఇనుప నిచ్చెనను కిందినుంచి పైదాకా చూసింది. "సొంతది ఉంచుకుని ఎందుకండీ మరి?"

"నీకు తెలవదా? వాళ్ల పిల్లకి జువాలజీ చెప్పించుకోవాలని రామాంజనేయులు గారికి ఆశ. యూనివర్సిటీ మేష్టారినెట్టా అడగాలని మన వీధిలో రెండుసార్లు తిరిగి, గుమ్మం తొక్కకుండా వెళ్లిపోయాడంట. అది చూసి ఈయన పోయి నిచ్చెన అడిగి తెచ్చాడు. మర్నాడే ఆయన నిచ్చెన వంకన వచ్చి, పిల్ల సంగతి అడిగాడు." మాబూబీ నవ్వింది. "మన దగ్గర ఒకటి తీసుకున్నోణ్ని మనమొకటి అడగడానికి నామోషీ ఉండదు గదా. ఈయన కిటుకంతా అదే. గొడుగులైతే ఇంట్లో ఐదున్నాయి."

స్తుతి వెదురు నిచ్చెనను గోడ నుంచి దించింది.

"నీ కాలిక్యులేటరు తెచ్చిన రోజు ఎంత సంబరపడ్డాడో! ఇక ఆ పిల్ల మొహమాటం లేకుండా అడుగుద్దన్నాడు. రెండేళ్లాయె, నువ్వడగనే లేదంట. ఇంత మొండి పిల్లని చూళ్లేదని రోజూ ఒకటే గొడవ నా దగ్గర."

మర్నాడు కమిటీని స్తుతి తిన్నగా మిర్చి గోడౌనుకే తీసుకెళ్లింది. ఒంగోలు నుంచి బస్సు దిగి బుడాన్ సార్ కూడా అక్కడికే వచ్చారు. హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దాయన గుమ్మంలోనే మొదలెట్టాడు తుమ్మడం. ఘాటు అలాంటిది.

"ఇదేం... హాచ్... లాబొరేటరీ?"

"చల్లటి గది కోసం అడిగి తీసుకున్నాను సార్," అంది స్తుతి.

ఆయన ముఖం చిట్లించుకుని సీసాల వరస ముందు వంగాడు. ఒక్కో సీసా ఎత్తి, సూదితో పురుగును పొడిచి, కదిలిందా లేదా చూసి, తుమ్మి, పక్కన పెడుతున్నాడు. పర్చూరు వైపు పురుగులు, రైతులు ఎగబడి కొనే మందు పెట్టినవి, మేతలో మునిగి హాయిగా ఉన్నాయి. పక్క వరసలో, ఎవరూ అంతగా కొనని మందు పెట్టినవి చచ్చి పడున్నాయి.

"వేడికి చావలేదని... హాచ్... రుజువేంటి?"

"ఏ మందూ పెట్టనివి చివరి వరసలో ఉన్నాయి సార్. అన్నీ బతికే ఉన్నాయి."

ఆయన చివరి వరస మొత్తం పొడిచి చూశాడు. అన్నీ కదిలాయి. వరండాలోంచి రామాంజనేయులు గారు తల లోపలికి పెట్టారు.

"అయ్యా, తేలిందా? మా పిల్లని పైకెక్కిస్తారా లేదా? అట్టా పొడుస్తా కూచుంటే ఉన్నవి కూడా చస్తాయి."

పెద్దాయన ముక్కు తుడుచుకుంటూ మొదటిసారి నవ్వాడు. "ఎక్కించక తప్పేట్టు లేదండీ. ఇక్కడ ఇంకో పావుగంట ఉంటే పోయేది నేను."

స్తుతి గోడకు ఆనుకుని, ముందురోజు పొద్దుటినించి బిగబట్టిన ఊపిరి వదిలింది. బుడాన్ సార్ ఆమె వంక చూడలేదు. రామాంజనేయులు గారి చేతిలో తువ్వాలు చూస్తూ, "ఇది ఎక్కడ కొన్నారండీ? ఓసారివ్వండి" అంటున్నారు.

ఆ మర్నాడు స్తుతి సార్ గది ముందు రెండుసార్లు అటూఇటూ తిరిగి, లోపలికి వెళ్లింది.

"సార్, మీ మోపెడ్ ఒకసారి ఇస్తారా? రామాంజనేయులు గారు వాళ్ల బెండతోటలో పురుగు చూడమన్నారు."

సార్ పేపర్లోంచి తలెత్తలేదు. జేబులు తడుముకుని తాళంచెవి తీసి, కిటికీవైపు తిరిగి, వెనక్కి చెయ్యి చాచి ఇచ్చారు.

"బ్రేకు గట్టిగా నొక్కాలి. పెట్రోలు చూసుకో."

"సరే సార్." స్తుతి గుమ్మం దాటింది.

"అన్నట్టు," అని వెనకనుంచి పిలిచారు, "ఫిజిక్సు బిల్డింగు ముందునించి మాత్రం పోకమ్మా. బండి వాళ్ల లక్ష్మీకాంత్ గారిది."