ఒళ్లు ప్యారిస్‌ది, మెడ మీరట్‌ది

మా మామగారు పోయారు. హోళీకి ఇంకా కొన్నాళ్లుందనగా, పొద్దున చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఒరిగి అట్లాగే ఉండిపోయారు. నేను పాఠాలు చెప్పే బడికి తయారవుతున్నాను. మా అత్త పిలుపులో ఏడుపు లేదు. "బిడ్డా, ఒక్కసారి ఇటు రా" అంది, అంతే. ఏళ్ల తరబడి ఆయాసంతో వేగిన మనిషి ఉన్న ఇంట్లో చెవులు ఆ పిలుపు కోసం ఎప్పుడూ కాచుకునే ఉంటాయి కాబోలు. నాకు మొదట దుఃఖం రాలేదు. ఎక్కడన్నా కాసేపు కూర్చోవాలనిపించింది.

బోధన్, వర్ని, మోస్రా దిక్కు వెనకటి రోజుల్లో పెళ్లి చేసుకున్నవాళ్లు ఆయన్ని చూసే ఉంటారు. బరాత్ ముందు ఎర్రకోటు తొడుక్కొని సాక్సాఫోన్ ఊదిన సన్నటి మనిషి ఆయనే. చెరుకు కోతలు అయిపోతే పెళ్లిళ్లు, పెళ్లిళ్లంటే ఆయన బ్యాండు. తర్వాత చక్కెర ఫ్యాక్టరీ మూతబడింది, డీజేలు వచ్చాయి, ఆయన ఊపిరితిత్తులు కూడా మొరాయించాయి. ఆయన, అత్త నిజామాబాద్‌లో కంఠేశ్వర్‌లోని మా ఇంటికి వచ్చేనాటికే ఊదడం మానేశారు. కానీ రోజూ పొద్దున పాత పంచె ముక్కతో సాక్సాఫోన్ తుడిచేవారు. పక్కన అత్త చాటలో ఆకు, తంబాకు పెట్టుకొని బీడీలు చుట్టేది. ఆయన దగ్గినప్పుడల్లా చాట కొంచెం దూరం జరుపుకునేది.

"ఊదనిదానికి ఇంత తుడుసుడు ఎందుకు మామా?" అని అడిగానోసారి.

"మాట్లాడని మనిషి మొఖం కడుక్కోడా బిడ్డా?" అన్నారు.

ఆ సాక్సాఫోన్ ఆయనకు విద్య నేర్పిన ఉస్తాద్ ఇచ్చింది. ఉస్తాద్‌ది బోధనే. చూపు మందగించాక దాన్ని మామ చేతుల్లో పెట్టి, "యే విలాయతీ హై బేటా, ఇజ్జత్‌సే రఖ్‌నా" అన్నాడట. ఇది విదేశీ సరుకు, మర్యాదగా చూసుకో అని. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా మామ గొంతు అక్కడికి వచ్చేసరికి కొంచెం తగ్గేది.

పోయిన వానాకాలంలో, దాని మూతలకు అంటించిన తోలు బిళ్లలు ఎండి రాలిపోతున్నాయంటే, బస్టాండు దగ్గర వాయిద్యాలు అమ్మే దుకాణానికి తీసుకుపోయాను. దుకాణదారు దాన్ని అటూ ఇటూ తిప్పి, నోటి దగ్గర వంపు తిరిగిన మెడ గొట్టం మీది అక్షరాలు చూపించాడు.

"ఇది మీరట్ మాలు కాకా. విలాయత్‌ది గాదు. బ్యాండోళ్ల కోసం గుత్తకు చేసేటోళ్లు."

మామ స్కూటర్ వెనక కూర్చొని ఇంటిదాకా దాన్ని ఒళ్లోనే పట్టుకొని వచ్చారు. మరునాటి నుంచి తుడవడం మానేశారు. అన్నం కూడా సగంలో లేచిపోయేవారు.

ఒక సాయంత్రం నేను పరీక్ష పేపర్లు దిద్దుతుంటే దగ్గరికొచ్చి నిలబడ్డారు. "ఉస్తాద్ నాకు అబద్ధం చెప్పిండంటవా?"

"ఏదైతేంది మామా, ఇన్నేండ్లు పలికింది గద."

"గట్ల గాదు బిడ్డా. గాయన చెప్పిన మాట మీదనే నేను నిలవడ్డ. గది వట్టిదైతే ఇంక దేని మీద నిలవడాలె?"

మా ఆయన విసుక్కున్నాడు. "దవాఖానకే నడువలేకపోతుండు. ఈ బాజా పట్టుకొని ఏడ తిరుగుతడు?" ఆ మాటలో తప్పు లేదు. మందులు, దవాఖాన, బడి, వంట, అన్నిటి మధ్య నాకూ ఓపిక అడుగంటింది. కానీ ఇంట్లో ఆ తుడిచే గుడ్డ అట్లా మడిచి ఉండడం చూడలేకపోయాను. అడగ్గా అడగ్గా, సికింద్రాబాద్‌లో పాత సాక్సాఫోన్లు బాగుచేసే ఒక పెద్దాయన ఫోను నంబరు దొరికింది. ఫొటోలు పంపాను.

"చేసినవాళ్ల పేరు ముందు వెడల్పాటి మూతి మీద చెక్కుతారమ్మా. ఉందా?" అని అడిగాడాయన.

లేదు. ఎందరు తుడిచారో, ఎన్నేళ్లు తుడిచారో, అంతా అరిగి నున్నగా ఉంది.

"కుడి బొటనవేలు ఆనించే కొక్కెం కింద నంబరు?"

ఉంది. మెడ మీద మాత్రం లేదు.

"అయితే మెడ తర్వాత మార్చింది కావచ్చు. దాన్ని చూసి ఒంటి సంగతి చెప్పొద్దు. ఒకసారి పట్టుకురండి."

రైల్లో పోయాం. స్టేషన్ మెట్ల మీద మామ ఆగి, ఆయాసం మందు నోట్లోకి పీల్చుకొని, మళ్లీ ఎక్కారు. నేను పెట్టె మోశాను.

పెద్దాయన మెడను విడదీసి పక్కన పెట్టాడు. మిగతాదాన్ని చాలాసేపు చూశాడు. మూతికి చెరోపక్కన ఉన్న రెండు పెద్ద మూతలు చూపించి, "తర్వాత తర్వాత ఈ రెండూ ఒక్క దిక్కే పెట్టారు. ఇది పాతది" అన్నాడు. తర్వాత దాన్ని కిటికీ వెలుగుకు వాల్చి పట్టుకున్నాడు. "అరిగిన చెక్కడం మీద ఆవిరి పడితే ఒక్కోసారి కనబడుతుంది. మీదే కదా, మీరే ఊదండి."

మామ వంగి నోరు తెరిచి 'హా' అన్నారు. దగ్గు వచ్చింది. నేను వీపు రాస్తుంటే చేయి తోసేసి మళ్లీ ఊదారు. ఇత్తడి మసకబారింది. ఆ మసకలో సన్నటి తీగలూ ఆకులూ, వాటి నడుమ అక్షరాలూ లేచాయి. అవి ఆరిపోయేలోగా పెద్దాయన కళ్లద్దాలు పైకి తోసుకొని చదివాడు.

"ప్యారిస్."

పైన చేసినవాళ్ల పేరు. సగమే కనిపించినా ఆయన పోల్చుకున్నాడు. అక్కడ ఒక కుటుంబం నడిపిన కార్ఖానా అట. ఆ పేరుకు నా నోరు తిరగలేదు. ఏ సంవత్సరమో ఒట్టేసి చెప్పలేననీ, నంబరును బట్టి రెండు పెద్ద యుద్ధాల నడుమ చేసిందనీ అన్నాడు. "మీ ఉస్తాద్ నిజమే చెప్పాడు. మెడ మాత్రం మీరట్‌దే. అసలుది ఏమైందో మరి."

మామకూ తెలియదు.

ఇంటికొచ్చి సంగతంతా చెప్పాం. అత్త బీడీకి దారం చుడుతూనే అంది: "మన పెండ్లి బరాత్ల మీ ఉస్తాద్ కాల్వల పడలే? గప్పుడు గీ బాజా మెడ ఇరిగింది. రెండు తునకలు పట్టుకొని మా బాపు కాడికి వచ్చిండు. పెండ్లిపూట పోరని మనసు ఖరాబైతది, నీకు చెప్పొద్దన్నడు. నువ్వు గుర్రం మీదుంటివి, నీకేం ఎరుక?"

"గందుకేనా, కొత్త మెడ వచ్చెదాంక, గా ఎండకాలమంతా క్లారినెట్ ఊదిండు! ఇన్నేండ్లు చెప్పకపోతివి?"

"నువ్వు అడిగినవా?"

మామ నవ్వారు. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగాక మళ్లీ నవ్వయింది. "ఒళ్లు ప్యారిస్‌ది, మెడ మన పెండ్లిది" అన్నారు. మా ఇంట్లో ఆయన అట్లా నవ్వగా నేను చూసింది అదొక్కసారే.

చలి తగ్గుతున్న రోజుల్లో, ఉస్తాద్ సమాధి దగ్గరికి తీసుకుపొమ్మని అడిగారు. ఆటో మాట్లాడుకొని బోధన్ పోయాం. ఖబ్రస్తాన్ గేటు దగ్గరే నేను ఆగిపోయాను. ఆయన చెప్పులు విడిచి, మెల్లగా నడిచి, ఒక మట్టి దిబ్బ పక్కన కూలబడ్డారు. ఏం చెప్పుకున్నారో వినబడలేదు. తిరిగొచ్చి, "అయిపోయింది బిడ్డా, పోదాం" అన్నారు.

తిరుగు తొవ్వలో మా ముందు చెరుకు ట్రాక్టర్లు, వేరే ఊరి ఫ్యాక్టరీకి పోతున్నాయి. దాటే సందు లేదు. ఆటో డ్రైవర్ హారన్ కొట్టబోతే మామ వద్దని చెయ్యి ఊపారు. కాసేపటికి నా భుజం మీద తల వాల్చి నిద్రపోయారు. ముందు ట్రాలీ నుంచి ఎండిన చెరుకాకులు గాలికి లేచి, ఒక్కొక్కటే లోపలికి వచ్చి ఆయన తెల్ల అంగీ మీద వాలుతున్నాయి. చెయ్యి కదిపితే ఎక్కడ లేస్తారోనని నేను వాటిని దులపలేదు.