కమిట్ మెసేజ్‌లో మా ఇంటి మాట

మా సీనియర్‌కు తెలుగు వచ్చని నాకు ఉద్యోగంలో చేరిన రోజే తెలిసిపోయింది. నాకు తెలుగు వచ్చని ఆయనకు తెలియకుండా చూసుకోవడం మాత్రం ఆ ఆఫీసులో నాకు రెండో ఉద్యోగమైంది. మొదటిదానికి జీతం ఇచ్చేవారు. కష్టమంతా రెండోదానిలోనే ఉండేది.

కోయంబత్తూరులో మిల్లులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసే చిన్న కంపెనీ అది. మాది మదురై. మా అమ్మ కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చే పని చేస్తుంది. మా వీధిలో ప్రతి ఇంట్లోనూ తెలుగే, వీధి మలుపు తిరిగితే తమిళం. మా వైపు పిల్ల నోట తెలుగు వినబడితే చాలు, వాళ్ళమ్మ ఏం పని చేస్తుందో ఎదుటివాళ్ళు అడగకుండానే కనిపెట్టేస్తారు. బడిలో ఒకసారి నోరు జారి తెలుగులో నీళ్ళడిగాను. ఆ తరువాత నా నీళ్ళ సీసాను ఎవరూ ముట్టుకోలేదు. ఇంటికొచ్చి అమ్మను తిట్టాను, నాకీ మాట ఎందుకు నేర్పావని.

సీనియర్‌ది వేరే తెలుగు. పొల్లాచ్చి పక్కన కొబ్బరితోటలున్న కుటుంబం వాళ్ళది. ఆయనా, ఆయనకు తమ్ముడయ్యే పిన్నమ్మ కొడుకూ ఇద్దరూ మా ఆఫీసులోనే, ఎదురెదురు బల్లల దగ్గర కూర్చునేవారు. మిగతావాళ్ళు వినకూడనిదంతా తెలుగులో మాట్లాడుకునేవారు. మేనేజరమ్మ కోపం గురించి, క్లయింటు పిసినారితనం గురించి, మధ్యాహ్నం క్యారియర్‌లో వచ్చిన కూర గురించి. తమిళం మాట్లాడే ఆఫీసులో వాళ్ళకు తెలుగొక తలుపున్న గది. ఆ గదిలో నేనూ ఉన్నానని వాళ్ళకు తెలియదు. నవ్వొచ్చినప్పుడల్లా నేను దగ్గేదాన్ని. ఒకరోజు సీనియర్ జాలిపడి దగ్గు మాత్రలు తెచ్చిచ్చాడు.

నాకు గిట్ నేర్పింది ఆయనే. ప్రోగ్రాములో ఎవరు ఏ వరుస మార్చారో, ఎప్పుడు మార్చారో గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్ అది. మార్చిన ప్రతిసారీ ఎందుకు మార్చామో ఒక ముక్క రాయాలి. దాన్నే కమిట్ మెసేజ్ అంటారు. "కమాండ్ తెలిస్తే చాలదు అమ్మిణీ, దాని తోకలు తెలియాలి" అని తమిళంలో చెప్పేవాడు. అమ్మిణి అంటే ఆ వైపు అమ్మాయి. కమాండ్ చివర తగిలించే ఆప్షన్లకు ఆయన పెట్టిన పేరు అది. గిట్ లాగ్ అని కొడితే చరిత్ర వస్తుంది. డ్యాష్ పి తగిలిస్తే ఆ చరిత్ర కడుపులో ఏముందో కూడా చూపిస్తుంది. ఆథర్ అనే తోక తగిలిస్తే ఒక్క మనిషి చేసినవే ఏరి ఇస్తుంది. ఓపికగా నేర్పాడు, విసుక్కోలేదు. అందుకే తరువాత జరిగినది తలుచుకుంటే ఇంకా కష్టంగా ఉంటుంది.

ఒకరోజు ఊరికే ఆథర్ తోకకు ఆయన పేరే తగిలించి చూశాను. మెసేజ్‌లు చాలావరకు ఇంగ్లీషులో ఉన్నాయి. మధ్యమధ్య ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు! తమ్ముడు చదివి నవ్వుకోవడానికి రాసినవి. 'ఈ క్లయింటు నా తల తింటా ఉండాడు' అని ఒకటి. 'ఇది పని చేస్తే నీకు బిర్యానీ' అని ఇంకొకటి. తెలుగు లిపిలో రాసుంటే నేను చదవలేకపోయేదాన్ని, నా చదువంతా తమిళ మీడియం. ఇప్పుడు రాస్తున్న ఈ అక్షరాలు తరువాత ఫోన్‌లో చూసి దిద్దుకున్నవి. మా ఇంటి మాటను రాతలో నేను మొదట చూసింది ఆ నల్ల తెరమీదే. రోజూ పొద్దున టీ తాగుతూ చదివేదాన్ని. దొంగచదువే, కానీ ఇష్టంగా ఉండేది.

అలాంటి ఒక పొద్దున ఈ వరుస కనబడింది: 'మదురై పిల్ల చేసిన కంపు. నేను కడిగేస్తిని.'

ముందురోజు ఒక మిల్లు బిల్లులో పన్ను రెండుసార్లు పడి గొడవైంది. దాని గురించే రాశాడు. మా అమ్మ సంగతి ఆయనకు తెలియదు, ఇంకెవరు చేసినా అదే మాట రాసేవాడు. అన్నీ తెలుసు నాకు. అయినా చెవులు కాలిపోయాయి. అమ్మ పని నుంచి రాగానే మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని గాని గడపలోకి రాదు. అంత కడుక్కున్న చేత్తో అన్నం కలిపి పెడుతుంటే, చిన్నప్పుడు నేను ముందు ఆ చేతిని వాసన చూసేదాన్ని. అమ్మ అది చూసి కూడా ఇంకో ముద్ద కలిపేది. ఆ తెర ముందు కూర్చుంటే నాకు అదే గుర్తొచ్చింది.

నిజంగా నేను చేసిందేనా అని, ఆయన దిద్దకముందున్న ఫైలుకు గిట్ బ్లేమ్ కొట్టాను. ఏ వరుసను ఆఖరిగా ఎవరు ముట్టుకున్నారో చెప్పే కమాండ్ అది. పైనుంచి కిందిదాకా నా పేరే. మరి ఆ ఫైలంతటికీ అంచులు సరిచెయ్యమని సీనియర్ చెబితే, ప్రతి వరుసనూ నాలుగు ఖాళీలు జరిపింది నేనే కదా. డ్యాష్ డబ్ల్యూ తగిలించాను. ఖాళీలు జరపడాన్ని పట్టించుకోవద్దని చెప్పే తోక అది. నా పేరు దాదాపు పోయింది. పన్ను రెండుసార్లు వేసిన వరుస పక్కన తమ్ముడి పేరు వచ్చింది.

ఆ సోమవారమే నన్ను పర్మనెంట్ చెయ్యాలా వద్దా అని తేల్చే మీటింగ్. మేనేజరమ్మ పన్ను గొడవ ఎత్తింది. సీనియర్ గోడమీది తెరపై, దిద్దకముందున్న ఫైలుకు బ్లేమ్ వేసి చూపించాడు. "పాపం, కొత్తపిల్ల" అన్నాడు. నామీద ప్రేమతోనే అన్నాడు. కీబోర్డు ఇమ్మని అడిగాను. డ్యాష్ డబ్ల్యూ తగిలించి ఎంటర్ కొట్టాను. తమ్ముడి పేరు గోడమీద పడింది.

సీనియర్ తమ్ముడివైపు వంగి, గొంతు తగ్గించి తెలుగులో అన్నాడు: "ఈ తోక ఈ పిల్లకి ఎవురు నేర్పిచ్చినార్రా?"

"మీరే కదన్నా నేర్పిచ్చింది" అన్నాను.

తెలుగులో అన్నానని నోరు మూసుకున్నాకే తెలిసింది. మేనేజరమ్మకు ఏమీ అర్థం కాలేదు. అన్నదమ్ములిద్దరి మొహాల్లో నెత్తురు చుక్క లేదు. ఇన్నాళ్ళూ నా ముందు ఏమేం మాట్లాడుకున్నారో లెక్క తీసుకుంటున్నట్టున్నారు. తరువాత సీనియర్ మొహం ఒక్కసారిగా వెలిగింది.

"అమ్మిణీ, నువ్వు మన పిల్లవా! ఇన్నాళ్ళు ఒక మాట చెప్పలేదే! మదురైలో ఎవురింటోళ్ళు? మీ ఇంటిపేరు ఏమి?"

దురుద్దేశంతో అడగలేదు. కొత్త మనిషి నోట తెలుగు వినబడితే వాళ్ళలో మొదటి పలకరింపు అదే. ఇంటిపేరు చెబితే వరసలు కలుపుకుంటారు, భోజనానికి పిలుస్తారు. మాకూ ఇంటిపేరుంది. చెబితే ఆ వెలుగు ఎంతలో ఆరిపోతుందో నాకు తెలుసు. ఆరకపోవచ్చు కూడా. ఆ మనిషికి ఆ అవకాశం నేనివ్వలేదు.

"లేదన్నా, మా ఇంట్లో తమిళమే" అని తమిళంలో చెప్పాను. "పక్కింటివాళ్ళు తెలుగువాళ్ళు. వాళ్ళు మాట్లాడుకుంటుంటే విని రెండు ముక్కలు పట్టుబడ్డాయి."

అలా మా అమ్మను పక్కింటామెను చేశాను. తమ్ముడు తెరవైపు తిరిగాడు. సీనియర్ నన్ను ఒక క్షణం చూసి, "సరి అమ్మిణీ" అని తమిళంలోకి వెళ్ళిపోయాడు. నమ్మాడో లేదో ఇప్పటికీ తెలియదు.

ఉద్యోగం పర్మనెంట్ అయింది. మర్నాడు చూస్తే ఆ మెసేజ్ లేదు. చరిత్ర తిరగరాసి, ఫోర్స్ అనే తోక తగిలించి పాతదానిమీద తోసేశాడు. దాని చోట 'పన్ను సరిచేశాను' అని శుభ్రమైన ఇంగ్లీషు ఉంది. ఆ రోజు నుంచి ఆయన మెసేజ్‌లన్నీ ఇంగ్లీషే. అన్నదమ్ములు మాట్లాడుకోవాలంటే మెట్ల దగ్గరికి వెళ్తున్నారు. నా మెషీన్‌లో పాత కాపీ అలాగే ఉంది. దాన్ని చెరపడానికి చెయ్యి రాలేదు.

ఆ శనివారం దిండిగల్ మీదుగా వెళ్ళే బస్సెక్కి ఇంటికెళ్ళాను. అమ్మ సబ్బు వాసన వేసే చేత్తో అన్నం పెట్టింది. ఉద్యోగం ఖాయమైందని చెబితే కళ్ళొత్తుకుంది. పులుసు పోస్తూ అడిగింది.

"ఆడ మన మాట మాట్లాడేవోళ్ళు ఎవురన్నా ఉండారా కన్నూ?"

ఒంటరిగా ఉన్నానని బెంగపడి అడుగుతోందనుకున్నాను. "ఎవురూ లేరమ్మా" అన్నాను.

అమ్మ హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలింది. "మేలు పో. అట్లయితే నువ్వెవురో ఎవురూ కనిపెట్టరు" అని, ఇంకో గరిటె అన్నం వేసింది.