మా బావగారి గుడ్లగూబ

మా అక్క మొగుడి దగ్గర ఎవరు ఏ మాటైనా అనొచ్చు, "ఆ గుడ్లగూబ కన్ను కొడుతోందే" అని మాత్రం అనకూడదు. అన్నారా, ఇక ఆ పూటకి వాళ్ల పని అంతే. నలభై నిమిషాలు చరిత్ర వినాలి.

గుడ్లగూబంటే నిజం పక్షి కాదు. మా బావ వైమానిక నిఘా స్క్వాడ్రన్‌లో గుమాస్తా. బాంబులు వేసే దళం కాదది, పైనుంచి ఫొటోలు తీసుకుని క్షేమంగా తిరిగొచ్చే దళం. వాళ్ల విమానాలకి తుపాకులుండవు, కడుపులో కెమెరాలుంటాయి. వాళ్ల చిహ్నం నీలం గుడ్డ మీద తెల్ల గుడ్లగూబ. సూటిగా మన మొహంలోకే చూస్తుంది. కుడి కన్ను ఇంతేసి విప్పి ఉంటుంది, ఎడమ కన్ను మూసి ఉంటుంది. కింద "చూసి రా" అని రెండే మాటలు. దళం చరిత్ర పుస్తకం రాసేదీ, చిహ్నాల గది తాళంచెవి మొలకి కట్టుకుని తిరిగేదీ మా బావే.

ఆ పక్షి ఆయన చొక్కా జేబు మీద ఉందంటే అర్థముంది. గొడుగు మీదా, కూరల సంచీ మీదా, చివరికి దిండు గలీబుల మీదా కూడా ఉండేది. పొద్దున్నే లేచి దేవుణ్ణి తలుచుకుందామనుకుంటే ముందు ఇదే కనిపించి కన్ను కొడుతుందని మా అక్క నా దగ్గర మొత్తుకునేది. అదీ ఆయన వినకుండా.

ఒకసారి ఆయన పన్ను పీకించుకోవడానికి వెళ్తుంటే నేను తోడు వెళ్లాను. పళ్ల డాక్టరు పాపం మాట కలపడానికి జేబు వంక చూసి అనకూడని ఆ మాట అనేశాడు. నోట్లో పట్టకారు ఉండగానే మా బావ మొదలుపెట్టాడు. కాసేపు నోరు కదపకుండా ఉంటే పన్ను తొందరగా వస్తుంది బావా అని బతిమాలాను.

"పళ్లు ముప్పై రెండున్నాయి మరదలా, చరిత్ర ఒక్కటే," అన్నాడు.

మొదటి విమానం, రెండో విమానం, వరదలో ఇళ్ల కప్పులెక్కిన జనం ఎక్కడెక్కడున్నారో వీళ్ల ఫొటోలు పట్టిచ్చిన వైనం, ఆఖరికి కన్ను. ఫొటో తీసేవాడు ఒక కన్ను మూసుకుంటాడు కదా, ఇదీ అదేనని ముగించేసరికి బయట వరుసలో ఉన్న ముగ్గురిలో ఇద్దరు నొప్పి తగ్గిందని ఇళ్లకు పోయారు. మూడో ఆయన వాచిన దవడ చేత్తో పట్టుకుని లోపలికొచ్చి, వరద సంగతి మళ్లీ చెప్పమన్నాడు. ఆయన నొప్పి మరిచిపోవాలని మా బావ మళ్లీ మొదటి విమానం దగ్గర్నుంచి ఎత్తుకున్నాడు.

స్క్వాడ్రన్‌కి నలభై ఏళ్లు నిండే ఏడాది కొత్త కమాండర్ వచ్చాడు. మంచివాడే గానీ ప్రతిదీ కాగితం ప్రకారం ఉండాలనే మనిషి. పాత బీరువాలు వెతికిస్తే మొట్టమొదటి చిహ్నం బొమ్మ, పై అధికారుల సంతకాలతో సహా, బయటపడింది. అందులో గుడ్లగూబకి రెండు కళ్లూ తెరిచే ఉన్నాయి. ఇంకేముంది, ఉత్సవం నాటి కొత్త జెండా మీద రెండో కన్ను తెరిపించాలనీ, చరిత్ర పుస్తకం సరిదిద్దాలనీ ఆర్డరు వేశాడు.

మా బావకి తిండి సయించలేదు. నాలుగు రోజుల్లో పదకొండు అర్జీలు పెట్టాడు. పన్నెండోది చదివే ఓపిక లేక కమాండర్ ఆదివారం నాడు ఆ బొమ్మ చంకలో పెట్టుకుని తనే ఇంటికి వచ్చాడు. మా అక్క టీ ఇచ్చింది. నేను నలభై నిమిషాలకి సిద్ధపడి, బిస్కెట్ల పళ్లెంతో గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"సంతకాలున్న బొమ్మ ఇది. మీరు అందరికీ చెప్పే కథ నిజమేనా?" అని అడిగాడు కమాండర్.

"కాదు సార్," అన్నాడు మా బావ.

మా అక్క చేతిలో చెంచా జారి కింద పడింది.

"మొదట్లో మన దళానికి బట్టలు కుట్టే దర్జీ అమ్మ ఒకావిడ ఉండేది. ఆవిడకి చూపు తగ్గిందని అప్పుడెవరికీ తెలీదు సార్. బొమ్మ మడత మీదున్న ఈ కన్ను ఆవిడకి మూసిన రెప్పలా కనిపించింది. రెండొందల నలభై బ్యాడ్జీలు అలాగే కుట్టి తెచ్చి, అన్నీ సరిగ్గా వచ్చాయా నాయనా అని అడిగింది. తప్పని తేలితే మర్నాడే పనిలోంచి తీసేస్తారు. ఇద్దరు పిల్లల్ని ఒక్కతే సాకుతోంది. అచ్చు బొమ్మలాగే ఉన్నాయన్నాను. అప్పటి కమాండర్ దగ్గరికి పరుగెత్తి, ఫొటో తీసేవాడి కన్ను సార్ అన్నాను. ఆయనకి నచ్చింది."

అంతే. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ చరిత్ర ఆయన అంత పొట్టిగా చెప్పడం నేనెప్పుడూ వినలేదు.

దళంలో అందరికీ కంటి పరీక్ష అని ఆర్డరొచ్చింది అప్పుడేనా అని అక్క నెమ్మదిగా అడిగింది. అప్పుడేనట. కాగితం టైపు చేసి మిగతా వాటి మధ్య సంతకానికి పెట్టింది ఈయనే. పైలట్ల నుంచి వంటవాళ్ల దాకా అందరూ వరుసలో నిలబడి అక్షరాలు చదివితే, కళ్లజోడు వచ్చింది మాత్రం దర్జీ అమ్మకొక్కదానికే.

"ఆవిడ ఇంకా ఉందా?" అన్నాడు కమాండర్.

"ఉంది సార్. ఉత్సవానికి వస్తోంది. తను కుట్టిన పక్షి నలభై ఏళ్లుగా ఆకాశంలో తిరుగుతోందని మనవళ్లకి చెప్పుకుంటుంది. జెండా మీద రెండో కన్ను చూసిందంటే..."

కమాండర్ టీ అంతా తాగి కప్పు కింద పెట్టాడు. జేబులోంచి కలం తీసి బొమ్మలో ఎడమ కంటి మీద జాగ్రత్తగా రెప్ప గీశాడు. కింద "సవరించడమైనది" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాడు.

"ఇప్పుడంతా కాగితం ప్రకారమే ఉంది," అన్నాడు.

నేను మనసులోనే దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఆయన ముందున్న ఖాళీ ప్లేటులో ఇంకో నాలుగు బిస్కెట్లు పెట్టాను.

ఉత్సవం నాడు మైదానంలో మూడు వందల మంది సెల్యూట్‌కి చేతులెత్తి నిలబడ్డారు. దూరాన మూడు విమానాల మోత వినబడుతోంది. జెండా దర్జీ అమ్మ చేత తాకించి ఎగరెయ్యాలని ఆవిడ ముందుకి తెచ్చారు. మెషీను మీద కుట్టించిన జెండా. ఆవిడ దళసరి కళ్లజోడు సర్దుకుని, వేలితో మూసిన కన్ను తడిమింది. మళ్లీ తడిమింది. నా పక్కనున్న మా బావ రెండడుగులు ముందుకి వేశాడు.

"రెప్ప చివర దారం వదిలేశారు. గాలికి ఊడొస్తుంది. సూదుందా నాయనా?" అంది.

మా బావ టోపీ అంచులో గుచ్చి ఉంచుకున్న సూది తీసి, దానికి చుట్టి ఉన్న తెల్ల దారం ఎక్కించి ఇచ్చాడు. ఆవిడ కుర్చీలో స్థిమితంగా కూర్చుని జెండా ఒళ్లో పరుచుకుంది. విమానాలు వచ్చేస్తున్నాయి. కమాండర్ ఒకసారి ఆకాశం వంక, ఒకసారి ఆ సూది వంక చూసి రేడియో అందుకున్నాడు.

"ఇంకో చుట్టు తిరిగి రండి."

తిరిగాయి. ఆవిడ ఇంకా కుడుతోంది. మరో చుట్టు తిరగమన్నాడు. ఎత్తిన మూడు వందల చేతుల్లో ఒక్కటీ దిగలేదు. మూడో చుట్టుకి ఆవిడ ముడేసి, దారం పంటితో కొరికి, రెప్పని బొటనవేలితో ఒత్తి సాపు చేసింది.

"ఇప్పుడు ఎగరెయ్యండి. ఎంత గాలికైనా ఏం కాదు."