కుక్కను తిప్పే నెపం మీద

ఈ మధ్య ప్రొద్దుటూరులో మా వీధి చివర పార్కు గేటుకు ఒక కొత్త బోర్డు తగిలించారు. ఉదయపు నడకకు అందరూ జట్టుగా రావచ్చునట, పెంచుకునే కుక్కలను కూడా తెచ్చుకోవచ్చునట. మోకాళ్లు సహకరించక నేను గేటు పక్క అరుగు మీదే కూర్చుంటాను. బూట్లు వేసుకున్న మనుషులు, పట్టీలు కట్టుకున్న కుక్కలు గుండ్రంగా తిరుగుతుంటే, ఇదంతా మా చిన్నాయన కొండాపురం దగ్గర ఎప్పుడో చేసేశాడు కదా అనిపిస్తుంది. ఆయనకు బూట్లు లేవు, కుక్కకు పట్టీ లేదు, అంతే తేడా.

గండికోట జలాశయం నీళ్లు ఊరి మీదికి వచ్చాక చిన్నాయనకు పునరావాస కాలనీలో ఇల్లు వచ్చింది. రోడ్లు గీత గీసినట్టు ఉండేవి, ఏ రోడ్డు పట్టుకున్నా చివరికి ముళ్ల కంపచెట్లే. చిన్నమ్మ అంతకు ముందే పోయింది. నేను పనిచేసే బట్టల అంగడి మూతపడిన ఆ చలికాలం ఆయనకు తోడుగా వెళ్లి ఉన్నాను. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయంటే ఆస్పత్రికి పిలుచుకుపోయాను. డాక్టరమ్మ, "షుగరు శానా ఉంది పెద్దాయనా. ఇట్లే మంచం పట్టుకోనుంటే కాళ్లు తీసేయాల్సొస్తాది. దినామూ నడువు" అని గట్టిగా చెప్పి పంపింది.

బడి చదువు నాకు ఏడో తరగతితో సరి. మిగిలిందంతా శాఖా గ్రంథాలయంలో బల్ల దగ్గర కూర్చుని సంపాదించుకున్నదే, కాబట్టి ఆ గర్వం కొంచెం ఎక్కువే. కొన్ని దేశాల్లో ఇరుగుపొరుగు వాళ్లు కుక్కలను వెంటబెట్టుకుని గుంపుగా నడుస్తారని ఏదో వారపత్రికలో చదివాను. అదంతా ఆయనకు విడమరచి చెప్పాను. ఆయన బీడీ ఆర్పి, "పనీపాటా ల్యాకుండా రోడ్ల మింద తిరిగేదానికి నేనేమన్నా దేవునికి ఇడ్సిన ఎద్దునా అబ్బీ?" అన్నాడు.

ఆయన భయం కాళ్లు నొస్తాయని కాదు. మా వైపు మనిషి గడప దాటితే ఎదురొచ్చినవాళ్లు పలకరించక మానరు. యాడికని నేరుగా అడిగితే పోయే పని చెడుతుందని, "దూరమా మామా?" అంటారు. దానికి ఒక పని పేరు చెప్పి తీరాలి. చేనికి, మోటరు వేసేదానికి, కూలోళ్లను పిలిచేదానికి అని ఒక జీవితకాలం చెప్పిన మనిషి ఆయన. చేను నీళ్లలో పోయాక ఊరికే నడుస్తున్నానని చెప్పడం ఆయనకు చొక్కా లేకుండా సంతలో నిలబడినట్టు ఉండేది.

దారి చూపింది కుక్క. ఊరు వదిలిన రోజు ట్రాక్టరు వెనక పరుగెత్తుకొచ్చిన నల్లకుక్క అది. నా పోరు పడలేక ఒక ఉదయం ఆయన వీధిలోకి దిగితే అదీ వెంట నడిచింది. ఎదురింటి అత్త కల్లాపి చల్లుతూ "దూరమా అన్నా?" అంది. ఆయన వెనక్కి తిరిగి కుక్కను చూసి, "ఈ కుక్క ఇంట్లో నిల్సల్యాకపోతాందమ్మా, తిప్పుకొస్తాండా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మరునాడు ఆమె కూడా తన గోధుమరంగు కుక్కను పిలుచుకుని వచ్చింది, ఆ తరువాత ఇంకొందరు. కుక్క లేని గుడి పూజారి కూడా చేరాడు కానీ, "నన్ను తాకనీయద్దండప్పా, ఈ చలికి మళ్లా నీళ్లు పోసుకోల్యాను" అంటూ రోడ్డు అంచున నడిచేవాడు. అత్త ఊరుకునేదా! "నీ మడికి బయపడి కుక్కలే దూరం పోతాండాయిలే సామీ" అనేది. నా పత్రికలో చెప్పిన జట్టు అట్లా కుదిరింది. నా వల్ల కుదిరిందని మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు.

ఎండలు ముదిరేసరికి నల్లకుక్క చచ్చిపోయింది. ముసలిదే పాపం. చిన్నాయన కంపచెట్ల పక్క గుంత తీసి పూడ్చి వచ్చి మంచమెక్కాడు. నేను బతిమాలాను, కోప్పడ్డాను, చదివిందంతా మళ్లీ అప్పజెప్పాను. ఇంకో కుక్కను తెస్తానంటే, "దాన్ని సాకి సంపే ఓపిక నాకు ల్యాదు అబ్బీ" అని గోడవైపు తిరిగాడు. తిమ్మిరి మోకాలి దాకా ఎక్కింది. చెప్పు జారిపోయినా ఆయనకు తెలియడం లేదు.

ఒక ఉదయం మా గేటు దగ్గర ఒకటే అరుపు. చూస్తే గోధుమరంగు కుక్క, గేటు కమ్మీకి కట్టేసి ఉంది. "ఏందమ్మా ఇది?" అని చిన్నాయన లోపలి నుంచి కేక వేశాడు. అత్త ఎదురింటి అరుగు మీద చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తకుండానే, "నాకు నడుం పట్టింది అన్నా. ఇదేమో నువ్వు ల్యాకుంటే కదల్దు. నీ కాళ్లు ఎట్ల పోతే నాకేంది, నా కుక్కను మాత్రం తిప్పుకోని రా" అంది. ముందురోజు సాయంత్రమే ఆమె రెండు బిందెల నీళ్లు మోసుకుపోవడం ఆయనా చూశాడు. తిట్టుకుంటూనే తువ్వాలు భుజాన వేసుకుని కట్టు విప్పాడు. తరువాత ఎన్నేళ్లపాటో తెల్లారేసరికి ఆ కుక్క ఆ గేటుకే కట్టి ఉండేది, ఆమె నడుమూ నయం కానేలేదు. చిన్నాయన పోయినప్పుడు రెండు కాళ్లతోనే పోయాడు.

ఇప్పుడు ఆ వయసు నాకు వచ్చింది. కాలం మన చేతిలోని పనిని ముందు తీసుకుపోతుంది, కాళ్లను తీరిగ్గా తీసుకుపోతుంది. నడుమ మిగిలే ఆ కొన్నేళ్లు, ఎవరో ఒకరు మనతో ఏదో పనుందని అబద్ధమాడితేనే గడుస్తాయి.