ఆ చెయ్యి మా పిన్నిది

ఇరవై రెండేళ్ల వయసులో నాకు కోపం రావడానికి అర క్షణం పట్టేది, అది నోటిదాకా రావడానికి మూడు రోజులు పట్టేది. ఈలోగా ఎదుటి మనిషికి బదిలీ అయినా అయిపోయేది. అలా మింగేసిన కోపాలు నా దగ్గర ఇంకా చాలా ఉన్నాయి. ఒక్కటి మాత్రం సమయానికి బయటపడింది. అదీ నా గొప్ప కాదు, మా పిన్ని చలవ. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి కాబట్టి ఆ వేడి మీదే చెప్పేస్తాను.

అప్పుడు నేను విజయనగరం దగ్గర ఒక జూట్ మిల్లు ఆఫీసులో కంప్యూటర్ పనికి కొత్తగా చేరాను. ఆమదాలవలసలో మా బావ ఫొటో స్టూడియోలో సెలవులకి కూర్చుని కెమెరా పట్టడం నేర్చుకున్నానని (పెళ్లిలో ఎవరి నోట్లోనైనా ముద్ద ఉన్నప్పుడు ఫొటో తియ్యకూడదన్నది అక్కడ నా మొదటి పాఠం) ఒకరోజు నోరు జారాను. అంతే, మిల్లులో ఎవరు కొబ్బరికాయ కొట్టినా, ఎవరు మొక్క నాటినా బీరువాలోని కంపెనీ కెమెరా నా మెడలో పడేది. మా మేనేజరు మే నెల ఎండల్లో కూడా సఫారీ సూటు విప్పడు కనక అందరం ఆయన్ని సఫారీ సారు అనేవాళ్లం. కెమెరాలోకి ఏ వైపు నుంచి చూడాలో ఆయనకి తెలీదని నా అనుమానం. ఫొటోలో తను ఎక్కడ నిలబడాలో మాత్రం చాలా బాగా తెలుసు.

ఆయనే ఒకరోజు పిలిచి, "చుట్టుపక్కల కంపెనీలన్నీ కలిసి విజయనగరంలో మూడు రోజుల ఫొటోల పండగ చేస్తున్నాయమ్మా. అన్నీ ఫ్యాక్టరీల ఫొటోలే. మన మిల్లుది అదిరిపోవాలి" అన్నారు. నేను వారం రోజులు మిల్లంతా తిరిగాను. చివరికి నాకు కావలసిన ఫొటో నూలు వడికే షెడ్డులో దొరికింది. అక్కడ మా పిన్ని, అంటే మా అమ్మ చెల్లెలు, పదిహేనేళ్లుగా పని చేస్తోంది. పైకప్పు అద్దాల్లోంచి పొద్దుటి ఎండ దిగి గాల్లో తేలే నారదూదంతా బంగారప్పొడిలా మెరుస్తోంది. ఎప్పుడూ గుడ్డపీలిక చుట్టి ఉండే చూపుడువేలితో తెగిన నూలు ముడేస్తూ పిన్ని నన్ను చూసి, "ఒలే, తిన్నావేటే?" అని నవ్వింది. ఆ నవ్వు దగ్గర నొక్కాను. సఫారీ సారు దాన్ని చాలాసేపు చూసి, "అద్భుతం! పెద్ద సైజులో వేయిద్దాం" అన్నారు.

ఆ సాయంత్రమే పిన్నికి చెప్పాను. పిన్ని వీధికి చెప్పింది. పండగ మొదటి రోజున మిల్లుకి సెలవు పెట్టి, కూతురి పెళ్లినాటి పట్టుచీర కట్టుకుని, బాబాయినీ, నలుగురు ఇరుగుపొరుగునీ ఒకే ఆటోలో ఎక్కించుకుని (బాబాయి సగం ఆటోలో, సగం రోడ్డు మీద) వచ్చేసింది. పండగ జరిగింది ఒక కల్యాణ మండపంలో. లోపల చూస్తే బాయిలర్లు, పొగగొట్టాలు, క్రేన్లు, కరచాలనాలు చేసుకుంటున్న కోట్లు తొడుక్కున్నవాళ్లు. చెమట పట్టిన మనిషి ఒక్కడు లేడు. అప్పుడైనా నాకు అనుమానం రావాలి. రాలేదు.

మా మిల్లు ఫొటో ఎదురుగానే తలుపంత ఉంది. ఎండ ఉంది, నూలుంది, మిషనుంది. ఎడమ అంచున మణికట్టు దాకా ఒక చెయ్యి ఉంది. పిన్ని లేదు. కింద 'యంత్ర సౌందర్యం' అని పేరు, దాని కింద సఫారీ సారు పేరు.

పిన్ని కాసేపు చూసి, "బాగున్నాది. మరి నానెక్కడే?" అంది.

బాబాయి ఫ్రేము వెనక్కి వెళ్లి తొంగి చూసి, "ఇటేపు కూడా నేదు" అన్నాడు.

సఫారీ సారు దగ్గరికి విసవిసా వెళ్లాను. నాలుగు ముక్కలు గట్టిగా అడగాలనుకుని, తీరా ఎదురుపడ్డాక, "సార్, ఫ్రేము కొంచెం వంకరగా ఉంది" అన్నాను. (నా ధైర్యం అంతటిది.) ఆయనే సంగతి పసిగట్టి, "ఆవిడకి మాస్కు లేదు, టోపీ లేదు. పైవాళ్లు చూస్తే మిల్లుకి మాట రాదూ? అందుకే కోయించేశాను. మిల్లు తరఫున ఎవరిదో ఒక పేరుండాలి గదాని నాది వేయించాను" అన్నారు. మాస్కులిమ్మని ఆ షెడ్డు ఆడవాళ్లు ఎన్ని అర్జీలు పెట్టుకున్నారో నాకు తెలుసు. టైపు చేసింది నేనే. ముఖానికి మాస్కు ఇవ్వడం కంటే ముఖమే తీసెయ్యడం తేలికనుకున్నాడు ఆ మనిషి!

కళ్లనీళ్లతో వచ్చి పిన్నికి ఉన్నదున్నట్టు చెప్పాను. పిన్ని అరవలేదు. కొంగు బిగించి ఫ్రేము పక్కన నిలబడింది. బాబాయి, "పోదాం రాయే" అంటే, "నువ్వెల్లు. నాను రాను" అంది.

కాసేపటికి బహుమతులు నిర్ణయించే పెద్దాయన వచ్చారు. సఫారీ సారు చేతులు కట్టుకుని, "ఈ వెలుగు కోసం మూడు గంటలు కాచుకున్నానండీ" అంటున్నారు.

"బాబూ, ఆ సెయ్యి నాదండి" అంది పిన్ని.

పెద్దాయన ఆగారు. పిన్ని పీలిక చుట్టిన వేలు ఫొటో పక్కన పెట్టింది. "సూడండి. అదే ఏలు, అదే గుడ్డ. మిగతా మడిసిని కోసీసినారు. మాస్కు నేదట. ఇస్తే ఎట్టుకోనా? తీసింది ఈ బాబు కాదు, మా పిల్ల. సెప్పవే!"

ఇక నా నోరు తెరుచుకుంది. మాస్కులు, అర్జీలు, కోసిన ఫొటో, కొట్టేసిన పేరు, ఆ వరసలోనే క్యాంటీన్ ఉప్మాలో పురుగులు, ఆడవాళ్ల మరుగుదొడ్డికి లేని గడియ, అన్నీ గడగడా వచ్చేశాయి. చివర్లో ఏం చెప్పాలో తోచక, "మే నెలలో సఫారీ ఏంటండీ అసలు!" అని అరిచాను. ఎవరో కిసుక్కున నవ్వారు. ముందే ఫోనులోకి ఎక్కించుకున్న అసలు ఫొటో తీసి చూపించాను. పెద్దాయన చూసి, "ఇదే పెట్టాల్సింది" అని మెల్లగా అని, భోజనాలకి వెళ్లిపోయారు.

బహుమతి చిమ్నీ ఫొటోకి వచ్చింది. సోమవారం నా దగ్గరున్న కెమెరా బీరువా తాళంచెవి తీసేసుకున్నారు, నెల తిరక్కుండా ఉద్యోగం కూడా. అయితే షెడ్డుకి మాస్కులొచ్చాయి. పెద్దాయన ఏమన్నారో, సఫారీ సారు ఏం భయపడ్డారో తెలీదు. పిన్ని వాటిని రెండ్రోజులు పెట్టుకుని, "ఊపిరాడతన్నాది కాదే, ఏటి తెచ్చిపెట్టినావే" అని నన్నే తిట్టింది. మూడో రోజు నుంచి అలవాటైంది. రాత్రుళ్లు దగ్గు తగ్గిందని బాబాయి చెప్పాడు.

ఇప్పుడు బావ పక్కనే నాకూ ఒక స్టూడియో ఉంది. పిన్ని ఇంటికి ఆ ఫొటో మనిషితో సహా తలుపంత వేసి ఇచ్చాను. వచ్చినవాళ్లందరికీ పిన్ని ఆ రోజు కథ చెబుతుంది, చెప్పిన ప్రతిసారీ నా ధైర్యం కొంచెం పెరుగుతుంది. నేను మాత్రం ఆ ఫొటో దగ్గరికి వెళ్లి చూడను. ఇన్నేళ్ల అనుభవం మీద దూరం నుంచే తెలుస్తోంది, పిన్ని ముఖం కాస్త మసకగా ఉంది. ఫోకస్ పడింది మిషను మీదే. ఇంత రభస చేసిన ఆ ఇరవై రెండేళ్ల పిల్ల ఈ సంగతి గమనించనే లేదు. పిన్నికి నేను ఇంతవరకు చెప్పలేదు. సఫారీ సారుకైతే చచ్చినా చెప్పను.