నక్షాల సారు గీసిన వంటిల్లు

ఇప్పుడంటే ఉప్పు పొట్లం కాగితాన్ని కూడా విప్పి చదివేదాకా ఊరుకోను గానీ, ఆ రోజుల్లో కాగితం కనబడితే పోలీసాయన ఎదురొచ్చినట్టే తల వంచుకుని తప్పుకునేదాన్ని. అలాంటి నా చేతిలో ఇంటి గీతలు గీసిన కాగితం, ఒక నక్షా పెట్టి వంటిల్లు కట్టించమన్నారు.

మా ఆయన శ్రీరాంపూర్ దగ్గర బొగ్గుబాయిలో, గని లోపల పనిచేసేవాడు. ఇంట్లో బొగ్గుల పొయ్యి, ఉన్నది ఒకటే అర్ర, వంటా పడకా అందులోనే. పొయ్యి రాజేస్తే చాలు, మా అత్తమ్మ కళ్ళు ఎర్రబడి ధారలు కట్టేవి. పొగ తప్పించకపోతే చూపు దక్కదని డాక్టరు చెప్పాక, ఇంటి వెనక వేరే వంటిల్లు కట్టాలనుకున్నాం. బాయి దఫ్తర్లో భూమి కింది దారులకు నక్షాలు గీసే సారు ఒకాయన ఉండేవాడు. నేల కింద అంత ఊరు గీసేవాడికి నా వంటిల్లు ఒక లెక్కా అని మా ఆయన ఆయన్నే పిలుచుకొచ్చాడు.

పరాయి మగవాళ్ళ ఎదుటికి వచ్చే అలవాటు మాకు లేదు. సారు అరుగు మీద, నేను తలుపు వెనక, మధ్యలో గడప మీద అత్తమ్మ.

"పొయ్యి ఎటు దిక్కుండాలె?" అన్నాడు సారు.

"తూర్పుకని చెప్పు అత్తమ్మా."

"తూర్పుకంటుంది సారూ. నీళ్ళ గోళెం జర దూరం పెట్టు, దీనికి తొణకకుండ ముంచుడు రాదు." (రెండో మాట నేను చెప్పింది కాదు.)

సారు గీస్తూ మా ఆయనకు ఏవేవో వివరించాడు. నాకు వినబడలేదు. ఆయన వెళ్ళాక మా ఆయన కాగితం నా చేతిలో పెట్టి, "అన్నీ గీసిండు, రేపు సుతారికి నువ్వే చెప్పు, నాకు పొద్దటి డ్యూటీ" అని పడుకున్నాడు. (ఆయనకూ చదువు రాదు. అది ఇద్దరమూ పైకి అనుకోని సంగతి.)

నాలుగు గీతలంటే గోడలు, గుండ్రాలంటే పొయ్యిలు. అంతవరకు తెలిసింది. మరి ఈ బాణాలేమిటి? తలుపులోంచి వచ్చి, పొయ్యి చుట్టూ తిరిగి, వెనక గోడలోంచి బయటికి పోతున్నాయి. తల తిరిగిపోయింది. పొద్దున్నే వాకిట్లో ముగ్గుపిండితో గోడలు గీసి, కుండ నెత్తిన పెట్టుకుని బాణాల వెంట నడిచి చూశాను.

"ఏందే పిల్లా, బతుకమ్మ ఆడుతున్నవా?" అంది అత్తమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

అప్పుడు వెలిగింది! ఆడది వంటింట్లో ఎలా నడవాలో సారు గీశాడన్నమాట. గోడలు కట్టే సుతారి మామ రాగానే వెనక గోడకు తలుపు పెట్టమన్నాను.

"అటు పక్కింటోళ్ళ బర్రె ఉంటది గద కోడలా?"

"సారు కంటె మనకెక్కువ ఎరుకనా మామా?"

పెట్టేశాడు. కొత్త పొయ్యి రాజేసిన రోజు పొగంతా ఆ తలుపులోంచి గాలిపటంలా వెళ్ళిపోయింది. అత్తమ్మ పీట మీద కూర్చుని తలుపు వైపు చూసి, "గా నల్లామె ఎవరే? లోపటికి రమ్మనరాదు" అంది. ఆ నల్లామె అప్పటికే మూతి లోపల పెట్టి గోళెంలో నీళ్ళు తాగుతోంది. అత్తమ్మ ఇంకోసారి చూసి, "ఓసి, కొమ్ములున్నయి! రెండూ కనవడుతున్నయే పిల్లా, కండ్లు మండుతలేవు!" అని ఏడ్చేసింది. పొగలేని ఏడుపు ఆమెకు అదే మొదటిసారి.

తర్వాత సారు చూడ్డానికి వచ్చాడు. వెనక తలుపు దగ్గరికి వెళ్ళి బయటికి తొంగి చూశాడు.

"గీ తలుపెవరు పెట్టమన్నరమ్మా?"

"మీరే గద సారూ!" అన్నాను ముందు తలుపు చాటు నుంచి, గర్వంగా.

సారు అద్దాలు తుడుచుకుని, అత్తమ్మ కళ్ళు చూసి, "మంచిగుంది, గాలి మంచిగొస్తుంది" అని చాయ తాగి వెళ్ళిపోయాడు.

నాకు నలభై ఐదేళ్ళు దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. ఒకరోజు పాత బట్టల సందుగపెట్టెలో ఆ కాగితం దొరికింది. వెనక గోడ దగ్గర, బాణం పక్కన సన్నటి రాత. కూడబలుక్కుని చదివాను: 'పొగ పోవు దారి. పైన చిన్న కిటికీ.'

అంటే అన్నేళ్ళూ నేను కుండలెత్తుకుని నడిచింది పొగ నడవాల్సిన దారిలో. ఒంటరిగా కూర్చుని పకపకా నవ్వాను. ఆ మాట ఆ రోజే చెప్పకుండా చాయతో పాటు మింగేసిన సారును తలుచుకుంటే కొంచెం కళ్ళు చెమర్చాయి కూడా. కాగితం మడిచిపెట్టి పొయ్యి చుట్టూ తిరిగి వెనక తలుపులోంచే బయటికి వెళ్ళాను. చదువు వచ్చింది గానీ, కాళ్ళకు ఇంకా రాలేదు.